నర్సింగ్ రీసెర్చ్ ఫలితాలు మామూలు జనానికి నేరుగా చెప్పాలా వద్దా?

మూడోబెడ్_తాలూకు: నాన్న మంచాన పడ్డప్పుడు నడుం కింద ఎర్రగా కమిలితే రోజూ రెండు పూటలా నూనె రాసి రుద్దాను, రక్తం ఆడుతుందని. చివరికి పుండైంది. ఎముక తేలిన చోట మర్దన చేయొద్దని 1992 నాటి అమెరికా గైడ్‌లైన్‌లోనే ఉందట, నాకు తెలిసేసరికి నాన్న లేరు. ఇవన్నీ జర్నల్స్‌లో దాచుకోవడం దేనికండీ? నేరుగా జనానికే చెప్పేయండి.

నైట్‌డ్యూటీ_అక్క: మీ బాధ అర్థమైందండి, కానీ ఎవరూ దాచలేదు. ఆ "నేరుగా" దగ్గరే నాకు పేచీ. 2002లో అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా అయికెన్ బృందం పేపర్ వచ్చింది, సర్జరీ పేషెంట్ల మీద. నర్సుకి ఒక్కో పేషెంట్ పెరిగేకొద్దీ 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగినట్టు కనిపించింది. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి "నర్సుల వల్ల వందకి ఏడుగురు పోతున్నారు" అయి కూర్చుంది. ఒకాయన ఆ ఫోన్ తెచ్చి నా మొహం మీద పెట్టి అరిచాడు.

లెక్కల_పిచ్చి: వందకి ఏడు కాదు. వెయ్యికి 20 మంది పోయే చోట 21 చిల్లర అవుతుంది, అంతే.

మూడోబెడ్_తాలూకు: సరే, తప్పుగా చదివారు. మరి మీరే అర్థమయ్యేలా రాయొచ్చుగా? 1858లో నైటింగేల్ రంగుల చార్ట్ గీసింది ఎందుకు, సైనికులు గాయాల కంటే రోగాలతోనే ఎక్కువ పోయారని లెక్కలు రానివాళ్ళకీ కనపడాలనేగా.

నైట్‌డ్యూటీ_అక్క: ఆవిడ చూపించింది పైవాళ్ళకి. వార్డు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి కాదు.

టీ_బ్రేక్: వైద్య పరిశోధనల్ని పోగేసి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు ప్రతి రివ్యూకీ మామూలు భాషలో సారాంశం పెడతారు. ఇంత గొడవ ఎందుకో.

లెక్కల_పిచ్చి: ఇంకోటి, ఆ 7 శాతం పెరిగింది "అవకాశం" కాదు, ఆడ్స్, అంటే పోయినవాళ్ళకీ బతికినవాళ్ళకీ ఉన్న నిష్పత్తి. రెండూ ఒకటి కాదు.

టీ_బ్రేక్: ఆపు స్వామీ.

మూడోబెడ్_తాలూకు: అంటే మాకు తెలిస్తే ప్రశ్నలేస్తామని భయం. అంతేగా? ఒప్పుకోండి.

నైట్‌డ్యూటీ_అక్క: అవును భయమే! మీరు అడిగేది ఎవర్నండీ? ఆ 7 శాతం చదివి రోస్టర్ వేసేవాళ్ళ గదికి ఒక్కరు వెళ్ళలేదు, అందరూ నా మీదకే వచ్చారు, ఇద్దరు చేయాల్సిన డ్యూటీ ఒక్కదాన్నే చేస్తున్న రాత్రి. మా వార్డులో బెడ్‌సోర్ స్టడీ జరిగింది, పేషెంట్లని ఎన్నిసార్లు పక్కకి తిప్పామో అర్ధరాత్రి టైములతో సహా రాసింది నేను. ఏం తేలిందో ఇప్పటికీ నాకే చెప్పలేదు, ఇక మీకేం చెప్తారు.

మూడోబెడ్_తాలూకు: ఆగండాగండి. ఆ పేషెంట్ల వాళ్ళకైనా చెప్పారా?

నైట్‌డ్యూటీ_అక్క: స్టడీ చేసినవాళ్ళు సంతకాలు తీసుకునేటప్పుడు కనపడ్డారు. మళ్ళీ లేరు.

మూడోబెడ్_తాలూకు: మరి ఎవరూ దాచలేదన్నారు?

నైట్‌డ్యూటీ_అక్క: మీరు నన్నే అంటున్నారనుకున్నా.

లెక్కల_పిచ్చి: పైగా ఆ 7 శాతం పేపర్ ఉన్నదాన్ని గమనించి రాసిన పరిశీలన స్టడీ, "వల్ల" అనే మాటే వాడకూడదు.