సమస్య: “గుడిని గూల్చుడనియె గుడికి వేల్పు”

నిర్వాహకుడు: ఈ ఆదివారం సమస్య ఇదే. యోహాను సువార్త రెండో అధ్యాయంలో యేసు గుడిలోని వ్యాపారులను వెళ్లగొడితే, నీ అధికారానికి గుర్తేమిటని యూదులు అడుగుతారు. దానికి ఆయన జవాబు 19వ వచనం: ‘ఈ దేవాలయమును పడగొట్టుడి, మూడు దినములలో దాని లేపుదును’. అది చదువుతుంటే పాదం దానంతటదే నోటికొచ్చింది. యెరూషలేము దేవాలయం సంగతే రాయండి, వేరే గుళ్ల జోలికి పోవద్దు.

మాచర్ల మాస్టారు: బోణీ నాదే.

ఎడ్ల నమ్మువారి నెల్ల వెడలగొట్టి
బల్ల లెల్ల దొర్ల బలిమి జూప
గుర్తు జూపు మనుచు గుమిగూడి యడుగంగ
గుడిని గూల్చుడనియె గుడికి వేల్పు

గణాల గంగయ్య: నడక బాగుంది మాస్టారూ. ‘ఎడ్ల–నెల్ల’ యతిలో చెయ్యి తిరిగిన పనితనం ఉంది. కానీ గుర్తు అడిగితే గుడి కూల్చమనడం ఏమిటి? సమస్య సమస్యగానే మిగిలింది. పోయిన నెల బైబిలులోని ఎజ్రా గ్రంథం మీద ఇచ్చిన సమస్యలోనూ ఇంతే. కూలిన గుడికి మళ్లీ పునాది వేసిన రోజు, పాత గుడిని చూసి ఉండి ఏడ్చిన పెద్దలకు నూరేళ్ల వయసు కట్టారు.

మాచర్ల మాస్టారు: ఆ నూరేళ్లు ఇంకా వదల్లేదా? సరే, లెక్క చెప్తాను. సొలొమోను గుడిని బబులోనువాళ్లు తగలబెట్టింది క్రీ.పూ. 586లో. చెరపట్టిన యూదులు తిరిగి వెళ్లడానికి పారసీక రాజు కోరెషు సెలవిచ్చింది 538లో. జనం తిరిగొచ్చిన రెండో ఏట పునాది పడింది. మొత్తం యాభై ఏళ్లు. పదేళ్ల పిల్లాడిగా పాత గుడి చూసినవాడికి అప్పటికి అరవై. తప్పు ఒప్పుకుంటున్నాను. కానీ ముసలివాళ్ల ఏడుపూ కుర్రవాళ్ల కేరింతా కలిసిపోయి ఏది ఏదో తెలియని ఆ గోలను ఒక్క సమాసంలో పట్టాను. దాని గురించి మీరు ఒక్క ముక్క అనలేదు.

నిర్వాహకుడు: ఎజ్రా అయిపోయింది. యోహానుకు రండి.

సిరిమువ్వ: నా ప్రయత్నం.

ఒడలె యాలయమని యుల్లమందున నెంచి
మూడు నాళ్లలోన మొలకలెత్తి
మరణ మణచు మాట మఱుగుగా జెప్పుచు
గుడిని గూల్చుడనియె గుడికి వేల్పు

గణాల గంగయ్య: అమ్మా, అర్థం సరిగ్గా పట్టారు, ఆయన గుడి అన్నది తన ఒంటినే. అయితే మొదటి పదంలోనే గుట్టు విప్పేశారు. ‘మఱుగుగా’ అని మూడో పాదంలో అన్నా అప్పటికి మరుగు ఎక్కడుంది? పైగా మొలక దేనికి? వచనంలో ఉన్నది ‘లేపుదును’ కదా.

పాస్టరు గారబ్బాయి: మొలకను నేను సమర్థిస్తాను గంగయ్య గారూ. గోధుమగింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందన్నది ఇదే సువార్త, 12వ అధ్యాయం. సిరిమువ్వ గారు ఊరికే వేయలేదు. ఇక నాది:

నలువదారు నేండ్లు నడచిన కట్టడ
మెట్లు లేపగలవొ యింతలోన
అనిరి వారు రాళ్ల నటు చూపి, తన మేని
గుడిని గూల్చుడనియె గుడికి వేల్పు

గణాల గంగయ్య: ‘నలువదారు నేండ్లు’లో ఆ నకారం ఎక్కడిది బాబూ? ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. నలువదారేండ్లు. అప్పుడు గణం చెడుతుంది.

పాస్టరు గారబ్బాయి: నిజమే, తొందరపడ్డాను. ‘నలువదారు సమలు నడచిన కట్టడ’ అని దిద్దుకున్నాను. సమ అన్నా ఏడాదే.

మాచర్ల మాస్టారు: గంగయ్య గారూ, ఒక్క నకారం దగ్గరే ఆగిపోయారు. మూడో పాదం చివర ‘తన మేని’ చూశారా? సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా గుడి అర్థం మార్చేశాడు కుర్రాడు. ‘నడచిన’ కూడా సరైన మాట. హేరోదు రాజు ఆ గుడిని తిరిగి కట్టడం మొదలుపెట్టింది క్రీ.పూ. 20 ప్రాంతంలో. నలభై ఆరేళ్లకు అది పూర్తయినట్టు కాదు, క్రీ.శ. 60ల దాకా పని సాగుతూనే ఉంది. 70లో రోమా సేనాని తీతు సైన్యం కూల్చేసింది.

సిరిమువ్వ: వరుస మాత్రం తిరగబడింది. ఆయన మాట 19లో ఉంది, నలభై ఆరేళ్ల మాట 20లో.

నిర్వాహకుడు: ‘అనిరి’ దగ్గర వాక్యం ముగిసింది కాబట్టి అది వరుస కాదు, ఎదురుబొదురు. నాకు నచ్చింది. ఇంకో సంగతి. ఎడ్లూ రూకల బల్లలూ ఉన్న చోటికి 14వ వచనంలో గ్రీకు మాట హియెరోన్, అంటే ప్రాకారాలతో సహా మొత్తం గుడి. 19లో మాత్రం నావోస్, లోపలి మందిరం. మన గర్భగుడి అనుకోండి. తెలుగు బైబిల్లో రెండూ ‘దేవాలయము’ అయిపోయాయి. ‘కూల్చుడు’లోని ‘డు’ కూడా చూడండి. కూల్చేది మీరు, లేపేది నేను అన్నాడు. మార్కు 14:58లో అబద్ధసాక్షులు దాన్ని ‘నేను పడగొట్టి కట్టుదును’ అని మార్చేశారు. క్రియ చివర చిన్న మార్పు, అది నేరారోపణ అయి కూర్చుంది. గంగయ్య గారు అక్షరం దగ్గర పట్టుబడితే నేను అందుకే విసుక్కోను.

మాచర్ల మాస్టారు: అయితే నా మూడో పాదం మారుస్తున్నాను. మొదటి రెండూ అలాగే ఉంచండి.

గుర్తు జూపు మనగ గుండెపై చేయుంచి
గుడిని గూల్చుడనియె గుడికి వేల్పు

సిరిమువ్వ: ఒడలు అనే మాటే లేకుండా! నేను మొదటి పాదంలో చెప్పేసింది మీరు చేత్తో చూపించారు మాస్టారూ.

గణాల గంగయ్య: గుండె మీద చెయ్యి వేశాడని సువార్తలో లేదు. ‘చేయుంచి’ సంధి రెండుసార్లు చూశాను, దోషం లేదు. సమస్య విడింది మాస్టారూ. ఆ నూరేళ్ల మాట ఇక ఎత్తను.