సుప్తం న నిమిషతి: చేప కన్ను మూయదా, రెప్ప వాల్చదా?

యక్షప్రశ్నల్లో ఒకదాని తెలుగు గురించి అడగాలనుంది. "కిం స్విత్ సుప్తం న నిమిషతి" అంటాడు యక్షుడు. "మత్స్యః సుప్తో న నిమిషతి" అని ధర్మరాజు జవాబు. దీన్ని చాలామంది "నిద్రలో కూడా కన్ను మూయనిది ఏది?" అని చెబుతారు. తప్పనను గానీ పంటికింద రాయిలా తగులుతుంది. "ఆయన కన్ను మూశారు" అంటే మనకు వేరే అర్థం కదా! పైగా నిమిషతి అంటే రెప్ప కొట్టడం. గడియారంలో చూసే నిమిషం కూడా రెప్పపాటు అన్న మాట నుంచి వచ్చిందే. "నిద్రలోనూ రెప్ప వాల్చనిది" అంటే సరిపోతుందని నా వాదన.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో క్లౌన్ ఫిష్ జంట ఉంది. రాత్రి లైట్ ఆరగానే రెండూ హీటర్ ఉన్న మూలకు చేరతాయి. పెద్దది ఆడది. అద్దానికి ఆనుకుని ఒక పక్కకు ఒరుగుతుంది. మగది దాని పొట్ట కింద సర్దుకుంటుంది. తోక కిందికి వాలిపోతుంది, మొప్పల వెనకాల రెక్కలు మాత్రం మెల్లగా ఆడుతుంటాయి. నారింజ రంగు కూడా కాస్త వెలిసినట్టు ఉంటుంది. కన్ను మాత్రం పగటిలాగే గుండ్రంగా, నల్లగా. మా అమ్మకు చూపిస్తే వెంటనే ఈ శ్లోకం అప్పజెప్పింది.

జవాబు:
రెప్ప వాల్చడమే బాగుందండీ. కానీ మీరు "నిమిషతి" దగ్గరే ఆగిపోయారు. ఈ ప్రశ్నకు ఆయువుపట్టు "సుప్తం", అంటే నిద్రపోయినది. అమరం (అమరకోశం అనే సంస్కృత నిఘంటువు) వల్లె వేసినవాళ్లకు "సురమత్స్యావనిమిషౌ" గుర్తుంటుంది. అనిమిషులంటే దేవతలు, చేపలు కూడా. దమయంతి స్వయంవరంలో నలుడి రూపంలో వచ్చిన దేవతల్ని పట్టించిన గుర్తుల్లో రెప్పపడని చూపు ఒకటి. కాబట్టి యక్షుడు "రెప్ప వేయనిది ఏది" అని మాత్రమే అడిగి ఉంటే, దేవతలు అన్నా చెల్లేది. అదే అమరంలో దేవతలకు "అస్వప్నాః" అని ఇంకో పేరుంది, నిద్ర లేనివాళ్లని. "సుప్తం" అనగానే దేవతలు తప్పుకున్నారు, చేప మిగిలింది. ఒక్క మాటతో దారి మూసేశాడు యక్షుడు. తెలుగులో "నిద్రలోనూ" అని ఒత్తి పలకకపోతే ఈ చమత్కారం పోతుంది.

జవాబు:
మాస్టారూ, అదిరింది. అయితే రెప్పే లేనిదాన్ని "వాల్చదు" అంటే ఎలా? ఉన్నవాడు వాల్చకపోతే గొప్ప. కొన్ని సొరచేపలకు కంటిమీదికి జారే పొర ఉంటుంది గానీ మామూలు చేపలకు అదీ లేదు. కంటిని నీరే తడుపుతుంటే రెప్పతో పనేముంది?

జవాబు:
పొడుపుకథకు ఆ లెక్కలు పట్టవండీ. "కాళ్లు లేవు గానీ నడుస్తుంది" అనమా?

జవాబు (డాలస్ నుంచి):
నేనూ క్లౌన్ ఫిష్‌లనే పెంచుతాను, అందుకే "సుప్తం" వైపు సాక్ష్యం చెబుతా. సముద్రంలో వీటి పడక ఎనిమోన్ (రాతికి అతుక్కుని బతికే, పువ్వులా కనిపించే సముద్రజీవి) చేతుల మధ్య. ఇళ్లలో ఎనిమోన్‌ను బతికించడం కష్టం. గట్టి వెలుతురు కావాలి, ట్యాంకు బాగా కుదురుకుని ఉండాలి. అందుకని చాలామంది పెట్టరు. అప్పుడు చేపలే ఏదో ఒక చోటు చూసుకుంటాయి. టార్చ్ కోరల్, హామర్ కోరల్ లాంటి పగడపు జీవులు ఉంటే వాటి కొసల్లో దూరతాయి. అవీ లేకపోతే హీటర్ పక్కన, పంపు వెనకాల, అద్దం తుడిచే అయస్కాంతం కింద, నీటి పైమూలలో. ఒకసారి కుదిరితే రోజూ అదే చోటు. పగలు అక్కడికి ఇంకో చేప వస్తే తరిమేది ఎక్కువగా ఆడదే. పక్కకు ఒరిగి పడుకునేసరికి కొత్తవాళ్లు చచ్చిపోయిందని టెన్షన్ పడతారు. పొద్దున లైట్ వెలిగాక మామూలుగా తిండికి వస్తే ఏమీ లేదన్నమాట. చోటు ఎంచుకుని, రోజూ అక్కడికే చేరి, చుట్టూ ఉన్నదాన్ని పట్టించుకోకుండా ఉండటాన్ని నిద్ర అనక ఏమంటాం?

కానీ ఒక పేచీ ఉంది. ఎర్రసముద్రపు క్లౌన్ ఫిష్ మీద 2013లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఇవి రాత్రి ఎనిమోన్‌లో ఉన్నప్పుడు కదులుతూ, నీటిని ఆడించి దానికి ఆక్సిజన్ అందేలా చేస్తాయి. అంటే అది మొద్దు నిద్ర కాదు, కోడికునుకు అనుకోవాలి.

జవాబు:
తాబేలు తలపుతో, చేప చూపుతో, పక్షి స్పర్శతో పిల్లల్ని పొదుగుతాయని అంటారు కదా. రెప్ప వాల్చకపోవడానికి ఆ కారణం కూడా చెప్పగా విన్నాను.

జవాబు (డాలస్ నుంచి):
క్లౌన్ ఫిష్‌లో చూపు ఒక్కటే సరిపోదండీ. గుడ్లను కాసేది ముఖ్యంగా మగది. రెక్కలతో విసురుతూ, పాడైనవాటిని నోటితో ఏరేస్తూ ఉంటుంది. అవి పగిలేది చీకటి పడ్డాకే.

మొదట అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. "నిద్రలోనూ రెప్ప వాల్చనిది ఏది?" అని ఖాయం చేసుకుంటున్నా, మాస్టారు చెప్పినట్టు "లోనూ" ఒత్తి పలుకుతూ. రెప్పలేని దానికి "వాల్చదు" అనొచ్చా అన్న వాదనకు నా ఓటు పొడుపుకథ వైపే. అమ్మకు మాత్రం ఇంకా "కన్ను మూయనిది" అంటేనే ఇష్టం.