"దేవుడు చూసుకుంటాడు" అనే మాట కష్టంలో ఉన్నవాడికి ధైర్యమా, మత్తుమందా?

కొండపి_కుర్రోడు:
అందరికీ వందనాలు. పోయిన వారం బంధువుల ఊళ్ళో ఒక జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. భోజనాల దగ్గర మాకు బావ వరసయ్యే అతను, బాగా చదువుకున్నవాడే, ఒక మాటన్నాడు. "ప్రార్థన పేరుతో పేదోళ్ళ నోరు మూయిస్తున్నారు, ఈ కష్టానికి కారణం ఎవరని అడగనీయకుండా మోకాళ్ళ మీద కూర్చోబెడుతున్నారు, ఇది మత్తుమందే" అని. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు, అట్టాగని జవాబూ తట్టలేదు. ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. రెండు వైపుల వాళ్ళూ చెప్పండి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా. 2015లో పొగాకు ధర పడిపోయిన సంగతి మన జిల్లాలో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. ఆ ఏడే మా నాన్న సొంత బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టం) కాక ఇంకోటి కౌలుకి తీసుకున్నాడు. బ్యాంకు లోను ఒకటి, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి నోట్లు రాసిచ్చి తెచ్చింది ఇంకొకటి. వేలానికి తీసుకెళ్ళిన బేళ్ళు నో బిడ్ అయి, అంటే కొనేవాళ్ళెవరూ పాడక, అదే ట్రాక్టర్లో తిరిగొచ్చాయి, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి బేళ్ళు దించాక నాన్న అరుగు మీద కూర్చున్నాడు, చీకటి పడ్డా లేవలేదు, లైటు వేయబోతే వద్దన్నాడు. అమ్మకి భయం పట్టుకుంది. ఆ రోజుల్లో పేపరు తెరిస్తే రైతుల ఆత్మహత్య వార్తలే.

రాత్రి ఎనిమిదింటప్పుడు మా చర్చి సంఘ పెద్ద, ఇద్దరు అమ్మలు వచ్చారు, ఒకామె చేతిలో చారు గిన్నె. వాళ్ళు "దేవుడు చూసుకుంటాడు" అనలేదు. పాట కూడా ఎత్తుకోలేదు. అన్నం తినిపించి, సంఘ పెద్ద "అన్నా, ఎవరెవరికి ఎంతివ్వాలో కాగితం మీద రాద్దాం రా" అన్నాడు. నా నోట్సు వెనక పేజీలోనే రాశారు. ఏడు లక్షల చిల్లర తేలింది. మొత్తం ఎంతో నాన్న మా ముందు పైకి చెప్పడం అదే మొదలు, అమ్మకి కూడా సగమే తెలుసు. రాసిన కాగితం మధ్యలో పెట్టి అప్పుడు ప్రార్థన చేశారు. నాన్న బాగా ఏడ్చాడు. ఆ రాత్రి సంఘ పెద్ద మా వరండాలోనే పడుకున్నాడు.

అప్పు దేవుడొచ్చి తీర్చలేదు. కౌలు బ్యారన్ వదిలేశాం, శనగ వేశాం, నేను డిగ్రీ ఆపి రెండేళ్ళు ఒంగోల్లో పని చేశా, ఆరేళ్ళు పట్టింది. కానీ తెల్లారేసరికి నాన్న ఇంట్లో ఉన్నాడు. దీన్ని మత్తు అంటే నేను ఎట్టా ఒప్పుకోవాలి?

మైపాడు_గాలి:
తమ్ముడూ, మీ నాన్నగారు బతికినందుకు సంతోషం. కానీ మీకు వచ్చిన మనుషులు అందరికీ రారు.

మా అమ్మకి రొమ్ములో గడ్డ తగిలింది. డాక్టరమ్మ చూసి, స్కానింగ్ రాసి, ఫలానా తేదీకి రమ్మంది, ముందే వచ్చారు కాబట్టి ఆపరేషన్ చేస్తే బాగవుతుందని కూడా చెప్పింది. ఈలోగా మా వీధిలో ఒకాయన స్వస్థత కూటాలు పెట్టాడు. నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి, "నీకు నయమైపోయింది, ఇంక ఆస్పత్రికి వెళ్తే దేవుణ్ణి అనుమానించినట్టే" అన్నాడు. అమ్మ నమ్మింది. నేను అప్పుడు చెన్నైలో ఉన్నా, ఫోన్లో అడిగితే "నాకు తగ్గిందిరా" అనేది. ఎనిమిది నెలలు. చంకలోకి పాకాక ఒప్పుకుంది, అప్పటికి డాక్టర్ల చేతుల్లో కూడా ఏం లేదు. ఆయన్ని నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "మీ అమ్మకి విశ్వాసం చాల్లేదు" అన్నాడు. ప్రాణం పోయింది చాలక తప్పు కూడా ఆమె మీదే వేశాడు.

కాబట్టి మీ బావ అన్న మాటలో నాకు తప్పు కనిపించట్లేదు. మత్తుమందు అనడం కూడా తక్కువే.

నిజం_కావాలి:
పై అన్న చెప్పినదానికి నేనొకటి కలుపుతా. మన వైపు క్రైస్తవం మొదలైందే ఆకలితో. ధాత కరువులో (1876-78) మిషనరీలు గంజి పోసి వేలమందిని కలుపుకున్నారు. కష్టంలో ఉన్నవాడి ఆశతో బేరం ఆడడం అప్పటినుంచీ ఉంది.

గుండ్లకమ్మ_ఒడ్డు:
మైపాడు అన్నా, మీ అమ్మగారి విషయంలో జరిగింది పాపం. దాన్ని సమర్థించే వాదన నా దగ్గర లేదు.

కానీ "నిజం కావాలి" గారు చెప్పిన చరిత్ర సరిగ్గా తిరగబడి ఉంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. 1876-78 కరువులో ఒంగోలు మిషన్లో ఉన్నది జాన్ క్లౌ దొర. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. జనం చచ్చిపోతుంటే బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని మనుషుల్ని పనిలో పెట్టాడు. అంటే గంజి మాత్రమే కాదు, కూలి ఇచ్చాడు. ఇప్పుడు అసలు సంగతి. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం ఎంత అడిగినా ఏడాదికి పైగా ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, వాళ్ళ నమ్మకానికి కూలితో ముడి పెట్టకూడదని ఆపేశాడు. కాలువ పని అయిపోయాక, ఇంక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు ఏటి మధ్యలో పేరు పెట్టి పిలిపించుకున్నారు.

(వెల్లంపల్లి అంటే ఇప్పుడు పొగాకు వేలం కేంద్రం ఉన్న ఊరే. కొండపి తమ్ముడి బేళ్ళు ఏ కేంద్రంలో తిరస్కరించారో తెలీదు కానీ, అది చదువుతుంటే నాకు ఈ ఊరే కళ్ళ ముందు మెదిలింది.)

ఇంకోటి. లాభం కోసమే అయితే ఇది నష్టం బేరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సిలోకి వెళ్తాడు. ఇంత పోగొట్టుకుని కూడా ఒకడు ఆదివారం పొద్దున మందిరానికి వెళ్తున్నాడంటే అక్కడ వాడికి ఏదో దొరుకుతోంది. అదేంటో అడగాలి గానీ, వాడు మోసపోయాడని ముందే తేల్చేస్తే ఎట్టా?

నిజం_కావాలి:
బాప్తిస్మాలు ఆపిన సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ ఆయన ఆపాడని ఇప్పటివాళ్ళు ఆపుతున్నారా?

పాకల_తీరం:
నాది చిన్న మాట. సునామీ వచ్చింది 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. ముందు రోజు పెట్టిన స్టార్లు ఇంకా తీయలేదు. మా మేనమామ దొరకలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు, మా చర్చి అయ్యగారి దగ్గరికెళ్ళి పండగ మర్నాడే దేవుడు ఇట్టా ఎందుకు చేశాడని అడిగా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలియదు నాన్నా" అన్నాడు. తర్వాత నాతో పాటు ఇసకలో నడిచాడు, సాయంత్రం దాకా వెతికాడు. ఆయన ఏదన్నా పెద్ద కారణం చెప్పి ఉంటే ఆ రోజే నేను చర్చి మానేసేవాణ్ణి.

కావలి_నర్సక్క:
పదహారేళ్ళుగా వార్డుల్లో పని చేస్తున్నా, నేనూ విశ్వాసినే. రెండు రకాలూ చూశా. ప్రార్థన చేసుకుని ఆపరేషన్ థియేటర్లోకి ధైర్యంగా వెళ్ళినవాళ్ళని చూశా. ప్రార్థన చేశాం కదా అని షుగరు మాత్రలు ఆపేసి కాలు పోగొట్టుకున్నవాళ్ళనీ చూశా. వార్డులోకి ఎవరైనా ప్రార్థన చేస్తామని వస్తే నేను ఒకటే గమనిస్తా. వాళ్ళు వెళ్ళిపోయాక పేషెంటు మందు వేసుకుంటుందా, మానేస్తుందా. వేసుకుంటే రెండోసారి కూడా రానిస్తా. మానేసిందంటే గేటు దగ్గరే ఆపుతా, అయ్యగారైనా సరే, నా ఉద్యోగం మీదికి వచ్చినా సరే.

అప్పుల టెన్షన్‌తో బతకబుద్ధి కావట్లేదని ఎవరైనా అంటే ప్రార్థనతో పాటు 14416కి ఫోన్ చేయించండి, ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ మనిషిని మాత్రం ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. కొండపి తమ్ముడి సంఘ పెద్ద వరండాలో పడుకోవడం మేం ట్రైనింగ్‌లో నేర్చుకున్నదానికి ఏం తక్కువ కాదు.

కందుకూరు_అమ్మగారు:
నేను పాస్టరు భార్యని, పల్లెటూరి సంఘం మాది. మైపాడు బాబూ, నీతో ఆ మాట అన్నాయన తరఫున క్షమాపణ అడిగే అధికారం నాకు లేదు, అయినా అడుగుతున్నా. విశ్వాసం చాల్లేదని చెప్పడం వాక్యంలో నుంచి వచ్చింది కాదు. సిలువ మీద ప్రభువే నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రిని అడిగాడు, మరి ఆయనకీ విశ్వాసం చాల్లేదా? యోబుకి కష్టమొచ్చినప్పుడు స్నేహితులు వచ్చి మొదట ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అంతవరకే. నోరు తెరిచి నీ తప్పు ఏదో ఉంటుందనడం మొదలుపెట్టాక చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ళ మీదే.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మా దగ్గర ఒక అలవాటు పెట్టాం. ప్రార్థన అంశాలు చెప్పేటప్పుడు ఒంట్లో బాగాలేదంటే డాక్టరు ఏమన్నాడని అడుగుతాం, వెళ్ళలేదంటే సోమవారం ఎవరు తోడు వెళ్తారో అక్కడే తేలుస్తాం. కొందరికి ఇది నచ్చలేదు, అమ్మగారికి విశ్వాసం తగ్గిందని వేరే మందిరానికి వెళ్ళారు. వెళ్ళనీ. మా ఆయన బీపీ మాత్ర వేసుకునే ప్రసంగానికి వెళ్తాడు, నాకూ అదే మాత్ర.

మైపాడు_గాలి:
అమ్మగారూ, ఇట్టా నన్ను ఎవరూ అడగలేదు. ఏం రాయాలో తెలీట్లేదు.

నేను చర్చికి రాను, అది మారదు. కానీ ఒక సంగతి ఇందాక దాచిపెట్టా, పక్షపాతంగా రాసినట్టయింది. ఆఖరి రెండు నెలలు అమ్మని చూసుకుంది మా పక్కింటి క్రైస్తవ అమ్మలే. ఆ నూనె రాసినాయన మనుషులు కాదు, పాత మిషన్ చర్చి వాళ్ళు. వంతులేసుకుని వచ్చేవాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు, రాత్రిళ్ళు అమ్మకి నొప్పి ఎక్కువైనప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆస్పత్రి వాళ్ళిచ్చిన మందు టైముకి వేసేవాళ్ళు, వేశామని కాగితం మీద టిక్కు కూడా పెట్టేవాళ్ళు. నేను వాళ్ళ మీద కూడా అరిచా. ఒక్కరూ తిరిగి అనలేదు.

అమ్మ బైబిలు ఇంకా నా దగ్గరే ఉంది. స్కానింగ్ చీటీ అందులోనే పెట్టింది, డాక్టరమ్మ రాసిన తేదీ కింద గీత గీసి ఉంది. అంటే వెళ్దామనే అనుకుంది. ఆ గీత చూసినప్పటినుంచి దాన్ని మళ్ళీ తెరవలేదు.

కొండపి_కుర్రోడు:
అన్నా, మా బావకి ఏం జవాబు చెప్పాలో నాకిప్పుడు తెలిసింది. ముందు నువ్వు కరెక్టే అని చెప్తా, తర్వాత మా నోట్సు వెనక పేజీ చూపిస్తా. అది దాచిపెట్టా, ఒక్కొక్క అప్పు తీరినప్పుడల్లా నాన్న కొట్టేసిన గీతలు దాంట్లో ఉన్నాయి.

ఈ శనివారం పని మీద నెల్లూరు వస్తున్నా. చర్చికి పిలవట్లేదు. టీ తాగుదాం, మీ అమ్మగారి గురించి చెబుదురుగానీ.

మైపాడు_గాలి:
రా తమ్ముడూ. బస్సు దిగాక ఇక్కడే మెసేజ్ పెట్టు, నేనొచ్చి తీసుకెళ్తా.