తెన్నేటి పార్కు రాళ్ల మీది నత్తలు రీఫ్ ట్యాంకులో వేయొచ్చా?

సాగర్‌నగర్_రీఫ్: నా రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) అద్దం నిండా నాచు పట్టేసింది. లోపల జోయాలు, హ్యామర్ కోరల్ అనే పగడపు రకాలు ఉన్నాయి. విశాఖ తెన్నేటి పార్కు కింద నీళ్లు వెనక్కి తీసినప్పుడు రాళ్ల మీద రెండు రకాల నత్తలు కనిపించాయి. ఒకటి నల్లగా, గుండ్రంగా ఉంది. ఇంకోటి బూడిదరంగు, మొనదేలి, నీటికి బాగా పైన ఎండలో అతుక్కుని ఉంది. ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

భీమిలి_తీరం: నల్లది నెరైట్ అండి. తిరగేస్తే నోటికి గట్టి మూత అర్ధచంద్రాకారంలో ఉంటుంది. నాచు శుభ్రంగా తింటుంది. కాకపోతే అద్దం మీద తెల్లటి గుడ్ల చుక్కలు పెడుతుంది, బ్లేడుతో గోకితే గానీ రావు. రెండోది పెరివింకిల్. అలలు చిమ్మే చోట బతికే ప్రాణి అది, ట్యాంకులో వేస్తే బయటికి ఎక్కేసి ఎండిపోతుంది. దాన్ని అక్కడే ఉండనివ్వండి.

పగడం_ప్రేమికుడు: నోటి అంచున నీళ్లు పీల్చే గొట్టం కోసం గాడి ఉంటే మాంసం తినే రకం, ముట్టుకోవద్దు అన్నా.

ఉప్పునీరు_వైజాగ్: అది సగమే నిజం తమ్ముడూ. గాడి నసారియస్ నత్తకీ ఉంటుంది, సెరిత్ నత్తకీ ఉంటుంది, రెండూ మంచివే. నసారియస్ ఇసుకలో పూడుకుని గొట్టం ఒక్కటే పైకి పెడుతుంది. రొయ్య ముక్క పడీ పడగానే ఇసుక కదిలి ఒక్కొక్కటే లేచి వస్తాయి, చూడ్డానికి ఎంత బాగుంటుందో! నాచు మాత్రం ముట్టదు. భయపడాల్సింది డ్రుపెల్లా అనే నత్తకి. ముఖ్యంగా అక్రోపోరా అనే పగడం కొమ్మల మీద కండ తినేసి తెల్లటి ఎముక మిగులుస్తుంది.

ఇంకో మాట, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. పైన వెడల్పుగా, కిందికి సన్నబడి, నోరు పొడవునా చీలికలా ఉన్న గవ్వని చేత్తో తీయొద్దు. అది కోన్ నత్త కావచ్చు. విషపు పన్నుతో గుచ్చుతుంది. కోనస్ జియోగ్రాఫస్ అనే కోన్ నత్త కుట్టి మనుషులు చనిపోయారు, విరుగుడు మందు లేదు. పిల్లలు ఖాళీ గవ్వ అనుకుని జేబులో వేసుకుంటారు, దయచేసి చెప్పి ఉంచండి.

సాగర్‌నగర్_రీఫ్: థాంక్స్ అన్నా. షాపులో నాచు తినే నత్త ట్రోకస్ అని ఇచ్చేది నిజంగా ట్రోకసేనా, ఎలా తెలుస్తుంది?

భీమిలి_తీరం: మూత చూడండి. ట్రోకస్‌కి పల్చటి గోధుమరంగు గుండ్రటి మూత, టర్బో నత్తకి మందమైన సున్నపు మూత. టర్బో నాచు బాగా తింటుంది గానీ పెద్దదై, అంటించని కోరల్స్‌ని తోసేస్తుంది. ఆస్ట్రియా నత్త వెల్లకిలా పడితే చాలాసార్లు లేవలేదు, ట్రోకస్ తనంతట తనే తిరగబడుతుంది. అందుకే నా ఓటు దానికే. ట్యాంకులో పుట్టిందే అడగండి. ట్రోకస్ నిలోటికస్ మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, సముద్రంలోంచి తీయకూడదు.

ఉప్పునీరు_వైజాగ్: రాళ్ల మీది నెరైట్ తెచ్చినా అక్టోబరు, నవంబరులో తేవద్దు. నదుల వరద నీరు కలిసి అప్పుడు మన తీరంలో ఉప్పు బాగా తగ్గుతుంది. అక్కణ్నుంచి తెచ్చి ఉప్పు కొలత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 ఉన్న ట్యాంకులో ఒక్కసారిగా వేస్తే తట్టుకోలేవు. ఏ నత్తకైనా సన్నటి పైపుతో ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా గంటో రెండు గంటలో కలపండి. చేపల జబ్బుకి ఎప్పుడైనా రాగి మందు వేసిన ట్యాంకైతే ముందు కాపర్ టెస్ట్ చేయండి, కొంచెం ఉన్నా నత్తలు చచ్చిపోతాయి.