పాపకి మాటిమాటికీ నోరు పూస్తోంది, ఇంట్లో ఏం చేయొచ్చు?

గాజువాక అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, మధురవాడ వైపు హాస్టల్లో ఉంటుంది. పరీక్షలు దగ్గరపడితే చాలు, నోరు పూసేస్తోంది. కింది పెదవి లోపల, నాలుక అంచున తెల్లగా పుళ్లు, చుట్టూ ఎర్రగా. మొన్న ఇంటికొచ్చినప్పుడు పెరుగన్నం కూడా ఒక పక్క పెట్టుకుని నములుతోంది, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మా అత్తగారు వేడి చేసిందంటారు, మందుల షాపులో అడిగితే బీకాంప్లెక్స్ ఇచ్చి పంపేస్తారు. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారో చెప్పండి. ఇంకోటి, ఇది అంటుకుంటుందా? హాస్టల్లో పిల్లలందరూ ఒకే సీసాతో నీళ్లు తాగుతారు.

మద్దిలపాలెం మాస్టారు:
అంటుకోదమ్మా, ఆ భయం పెట్టుకోకండి. పెదవి మీద బయటివైపు నీటి పొక్కుల్లా గుంపుగా వచ్చేవి వేరు, వాటికి హెర్పిస్ వైరస్ కారణం, అవి అంటుకుంటాయి. మీరు చెప్పినవి లోపల మెత్తటి చోట్ల వచ్చేవి, వాటితో ఎవరికీ ఏమీ కాదు.

నాకు కాలేజీ రోజుల నుంచీ ఇదే బాధ కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. చిన్న పుళ్లయితే ఏ మందూ వేయకపోయినా వారం నుంచి రెండు వారాల్లో వాటంతటవే మానిపోతాయి. అంటే మనం ఇంట్లో చేసేదంతా ఆ నాలుగు రోజులు మంట తగ్గి అన్నం తినగలగడానికి, పుండు మీద మళ్లీ దెబ్బ తగలకుండా ఉండటానికి. పుండు పడేముందే ఆ చోట చురుకు తెలుస్తుంది, అప్పుడే మొదలుపెట్టాలి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, అర చెంచా ఉప్పు. తిన్న ప్రతిసారీ పుక్కిట పట్టి అర నిమిషం ఉంచి ఉమ్మేయాలి. మొదట భగ్గుమంటుంది, కాసేపటికి హాయిగా ఉంటుంది. ఉప్పు ఓర్చుకోలేకపోతే అర కప్పు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించమనండి.

ఎంవీపీ సుబ్బలక్ష్మి:
మా ఇంట్లో ఇప్పటికీ రాత్రి పడుకోబోయే ముందు నెయ్యి రాయడమే. పుండు మానేది నెయ్యి వల్లే అని నేననను గానీ, పొరలా నిలిచి పళ్లు రాసుకోకుండా కాపాడుతుంది, పిల్లలు నిద్రపోతారు. తేనె కూడా మంచిదే (ఏడాదిలోపు పిల్లలకి మాత్రం తేనె పెట్టకూడదు). పచ్చికొబ్బరి నమిలి ఆ పాలు కాసేపు నోట్లో ఉంచుకోమనండి.

తిండి దగ్గరే అసలు జాగ్రత్త. ఆవకాయ, చింతపండు పులుసు, టమాటా, అనాసపండు మానేవరకూ ఆపాలి. జంతికలు, బీచ్ రోడ్డు మురీ మిక్చర్ లాంటివి కారమే కాదు, గీసుకుంటాయి కూడా. అత్తగారి మాట తీసెయ్యకండి అక్కా, వేడి సంగతి ఎలా ఉన్నా ఈ ఎండల్లో చల్లటి మజ్జిగ నోటికి సుఖం.

పెందుర్తి మెడికల్స్:
షాపు నడుపుతాను కాబట్టి రెండు మాటలు. నోటి పూత జెల్ అని ఎక్కువగా ఇచ్చేవాటిలో కొలీన్ శాలిసిలేట్ ఉంటుంది. అది ఆస్పిరిన్ జాతి మందు, 16 ఏళ్లలోపు వాళ్లకి వద్దు, ట్యూబు మీద పేరు చదవండి. పుండు పెద్దదైతే డాక్టర్లు ట్రయామ్సినలోన్ 0.1 శాతం పేస్టు రాస్తారు. అది స్టెరాయిడ్, అడిగి వాడాలి. చాలామందికి పూసే పద్ధతి తెలియదు. దూదితో ఆ చోట తడి అద్ది, కొంచెం పేస్టు వేలి కొసన తీసుకుని పుండు మీద ఆనించి వదిలేయాలి. రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది, ఆనిస్తే నున్నటి పొరలా అతుక్కుంటుంది. రాత్రి అన్నీ అయ్యాక, పడుకునే ముందు.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కూడా పనికొస్తుంది, కానీ బ్రష్ చేసిన వెంటనే వాడకుండా అరగంట ఆగాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్లకి మరకలు పడతాయి, టీ తాగేవాళ్లకి మరీను.

సీతమ్మధార:
దయచేసి ఆస్పిరిన్ బిళ్ల పుండు మీద పెట్టకండి, సున్నం రాయకండి. రెండూ చర్మాన్ని కాల్చేస్తాయి. మా వీధిలో ఒకావిడకి చిన్న పుండు కాస్తా బుగ్గంతా తెల్లగా ఉడికిపోయింది.

రైల్వే క్వార్టర్స్ శ్రీను:
టూత్‌పేస్టు చూశారా? నురగ కోసం చాలా పేస్టుల్లో సోడియం లారిల్ సల్ఫేట్ వేస్తారు. అది లేని పేస్టుకి మారితే కొందరికి పుళ్లు రావడం తగ్గుతుంది, మా తమ్ముడికి బాగా తేడా కనిపించింది. బ్రష్ కూడా మెత్తటిది కొనండి. పళ్లకి క్లిప్పులుంటే డెంటిస్టుని మైనం అడిగి తీగ గుచ్చుకునే చోట అద్దాలి.

గాజువాక అమ్మ:
క్లిప్పులు లేవండీ. మేం శాకాహారులం, పాప పాలు కూడా తాగదు, హాస్టల్ పెరుగు నచ్చదంటుంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఆరిలోవ డైటీషియన్:
ఉంటుంది, నాకైతే ముందు అనుమానం అక్కడే. బీ12, ఐరన్, ఫోలేట్ (ఇదీ ఒక బీ విటమిన్) తక్కువైతే నోరు ఇలా తరచూ పూస్తుంది. ఆకుకూరలు, పప్పుతో ఫోలేట్ వస్తుంది, ఐరన్ కొంత వస్తుంది, బీ12 మాత్రం రాదు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. నెలసరి ఎక్కువగా అవుతుంటే ఐరన్ ఇంకా పడిపోతుంది, అడిగి చూడండి. పరీక్షల టెన్షన్, నిద్ర లేకపోవడం కూడా కారణాలే, అందుకే ఆ టైముకే వస్తోంది.

భీమిలి చిన్నోడు:
ఇది మీ పాపకి కాదు, చదివే మిగతావాళ్ల కోసం. మన వైపు పల్లెల్లో పెద్దవాళ్లు అడ్డపొగ తాగుతారు కదా, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. వాళ్లకి అంగిట్లో పుండు పడితే నోటి పూతే అని నెయ్యి రాస్తూ కూర్చోకండి. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకీ అంతే. అంగిలి గట్టి భాగంలో మామూలు పూత అరుదు. ఏ పుండైనా మూడు వారాలు దాటి మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, చూపించాలి. రుషికొండ గీతం డెంటల్ కాలేజీ ఉంది, అనుమానం గట్టిగా ఉంటే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మా నాయనమ్మని తీసుకెళ్లడానికి ఇంట్లో ఎంత బతిమాలామో. "నొప్పి లేదు కదా" అనేది.

ఆరిలోవ డైటీషియన్:
సరిగ్గా చెప్పారు తమ్ముడూ. పుళ్లతో పాటు జ్వరం, విరేచనాలు, బరువు తగ్గడం, కళ్లు ఎర్రబడటం, జననాంగాల దగ్గర కూడా పుళ్లు ఉంటే వాళ్లూ ఆగకూడదు, వేరే జబ్బు ఉండొచ్చు.

గాజువాక అమ్మ:
జ్వరం అవీ ఏం లేవు, దేవుడి దయ. ఈ ఆదివారం తీసుకొచ్చి రక్తపరీక్ష చేయిస్తాను. ఏమేం రాయించుకోవాలి?

ఆరిలోవ డైటీషియన్:
సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్ చేయించాలా అని డాక్టర్‌ని అడగండి. షాపులో ఇచ్చిన బీకాంప్లెక్స్ ఇంకా వేసుకుంటోందా? వేసుకుంటుంటే రక్తంలో బీ12 ఎక్కువ చూపించి లోపం దాగిపోవచ్చు. ఎప్పటి నుంచి వాడుతోందో చెప్పండి, ఖాళీ షీటు ఉంటే అదీ పట్టుకెళ్లండి.