రామాంజనేయ యుద్ధం కథకు మూలం ఎక్కడ?

శ్రీరామనవమికి మా ఊళ్లో రామాంజనేయ యుద్ధం నాటకం వేస్తున్నాం. కరపత్రం ప్రూఫులో 'మూలం: వాల్మీకి రామాయణం' అని ఉంది. అది ఆపించింది నేనే. ఇప్పుడు ఆ చోట ఏం వేయాలో చెప్పాల్సిందీ నేనే! శుక్రవారం ప్రింటుకు వెళ్తుంది.

యయాతికి అభయమిచ్చిన ఆంజనేయుడు, ఆ మాట కోసం సాక్షాత్తూ రాముడికే ఎదురు నిలబడే ఘట్టం గురించి అడుగుతున్నాను. వాల్మీకి ఉత్తరకాండ 58, 59 సర్గలు చదివాను. యయాతి ఉన్నాడు కానీ, అక్కడ రాముడు లక్ష్మణుడికి చెప్పే పాత కథలో రాజు. శుక్రుడి శాపం, పూరుడు తండ్రి ముసలితనం తీసుకోవడం, అంతే. హనుమంతుడి ఊసే లేదు. మొల్ల రామాయణంలో ఉత్తరకాండే లేదు. మా హార్మోనిస్టుగారిని అడిగితే "పెద్దలు చెప్పిందే" అన్నారు. గయోపాఖ్యానంలో కృష్ణార్జునులు తలపడ్డట్టే ఇదీ ఉంది కాబట్టి, ఆ అచ్చులోనే ఎవరో అల్లారని నా అనుమానం. రుజువు మాత్రం లేదు.

1975లో బాపు తీసిన సినిమా, అంతకుముందు ఆడిన నాటకాలు నాకు తెలుసు. వాటికంటే పాతదైన పురాణంలో గానీ, కావ్యంలో గానీ, యక్షగానంలో గానీ ఈ యుద్ధం ఎక్కడైనా చూశారా?