స్కా ఆఫ్‌బీట్ అమెరికాదా, జమైకాదా? ఏ వరుసలో వినాలో చెప్పండి

పాత రికార్డులు బాగా విన్నవాళ్లు, గిటార్ వాయించేవాళ్లు కాస్త సాయం చేయండి.

జమైకా సంగీతమైన రెగే నేర్చుకుంటూ దాని మూలమైన స్కా అనే పాత శైలి దాకా వెళ్లాను. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్ వాళ్లు (పెద్ద స్పీకర్లు పెట్టి డాన్సులకు రికార్డులు వేసేవాళ్లు) ఎక్కువగా వేసినవి అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులే. సౌండ్ సిస్టమ్‌లు నడిపే డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ వాటిని పోటీపడి తెప్పించేవారు. ఏ పాటో పక్కవాడికి తెలియకూడదని లేబుళ్లు కూడా గీకేసేవారు! అమెరికాలో జనం రాక్ అండ్ రోల్ వైపు మళ్లాక ఆ తరహా కొత్త రికార్డులు తగ్గిపోయి, వీళ్లే సొంతంగా రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఇంతవరకు అర్థమైంది.

నా చిక్కంతా ఆఫ్‌బీట్ (తాళం దెబ్బల మధ్యలో పడే వాయింపు) దగ్గరే. మెంఫిస్ పియానిస్టు రాస్కో గోర్డన్ 1952 నాటి ‘నో మోర్ డాగిన్’ వింటే, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో పియానో గట్టిగా పడుతుంది. స్కా గిటార్ పడేదీ అక్కడే. మరి ఇది అచ్చంగా అమెరికా నుంచి వచ్చిందా, లేక జమైకా జానపద సంగీతమైన మెంటోలోని బాంజో వాయింపులో ముందే ఉందా? రెండూ కలిశాయనే నాకనిపిస్తోంది, కానీ చెవితో విని తేల్చుకోవాలని ఉంది.

1952 నుంచి 1962 వరకు ఏ పాట తర్వాత ఏది వినాలి? మెంటో రికార్డుల్లో దేనితో మొదలుపెట్టాలి? వాయించేవాళ్లు ఇంకోటి కూడా చెప్పండి: ఆ దెబ్బకి మీ స్ట్రోక్ కిందికా, పైకా?